నైరుతి మూల మెట్లు

పొద్దు తూర్పున పొడుస్తది. నా అల్లుడు మధు తాను తిన్న టిఫిన్ డబ్బా కడగడు. ఈ రెండింటి గురించీ ఎవరితోటీ వాదించేది లేదు.

పొద్దున్నే సూర్యాపేటల వాళ్ల ఇంటి ముందట ఆటో ఆపి, హారన్ కొట్టకుండ కూర్చుంట. కొడితే నా బిడ్డ మంజుల ఉరుకులాడుతది. వంటింటి కిటికీలకెల్లి చప్పుడు ఇనిపిస్తుంటది. మధు తెచ్చి సింకుల పడేసిన డబ్బా మూత తీస్తే పులిసిన వాసన. అది తోమి, అండ్లనే మళ్ల అన్నం సదిరి, మనవరాలు అక్షితకు జడలేసి, వియ్యపురాలు ఆండాళుకు షుగర్ గోలీ ఇచ్చి బయటికి వచ్చేసరికి మంజుల చేతులకు ఇంకా సబ్బు తడి ఉంటది. భుజానికి సంచి. సంచిల టార్చి, కొలతల టేపు, కాగితాలు. ఆమె వెనకనే ఆండాళు మాట గడప దాటి వస్తది.

"గంత అర్జెంటేందే? బిల్డింగులు యాడికన్న లేచిపోతయా?"

"అవి పోవు అత్తమ్మా. అండ్ల ఉన్నోళ్లు పోవాలె కదా, అదే నా అర్జెంటు."

నా బిడ్డ పని అదే. బట్టల దుకాణాలు, లాడ్జీలు, ప్రైవేటు దవాఖానలు, అసొంటి మూడు నాలుగు అంతస్తుల బిల్డింగులకు పోయి, అగ్గి అంటుకుంటే ఏమైతదో చూసి రాస్తది. యాడ అంటుకుంటది, పొగ ఎటు పోతది, మనుషులు ఎటు దిగుతరు. బీమా చేసేటోళ్లు హైదరాబాదుల ఒక కంపెనీకి చెప్తరు. ఆ కంపెనీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికీ నా బిడ్డనే పంపుతది. ఆమె బాగలేదని రాస్తే ఆ బిల్డింగుకు బీమా ఉండదు. అందుకే ఆమె అంటే అందరికీ మర్యాద ఉండాలె. ఉండదు.

నేను త్రిపురారం బడిల ఏడో తరగతి దాక చదివిన. లారీ తోలిన. నా భార్య చంద్రమ్మ పోయినప్పుడు, చిన్నదినం నాడే, మా అన్న దుర్గయ్య అందరి ముందట అన్నడు: "ఇగ గోపయ్యకు వండిపెట్టేదెవరు? బిడ్డను తెచ్చి ఓ ఏడాది ఇంట్ల పెట్టుకో." చంద్రమ్మ బూడిద ఇంకా నీళ్లల్ల కలపలే. ఆ మాట తర్వాత నేను దుర్గయ్యతోని మాట్లాడలే. సచ్చేదాక మాట్లాడ. వంట నేర్చుకున్న. నా పప్పు బాగనే ఉంటది. ఊళ్లె ఇల్లు కిరాయికిచ్చి, సూర్యాపేటల ఒక రూము తీసుకొని, ఆటో కొన్న. బిడ్డ బిల్డింగులు చూసే రోజు వేరే బేరం పట్ట.

ఆటోల వెనక కూర్చున్న మనిషి డ్రైవర్ వీపుతోని మాట్లాడతది. మొఖం కనపడదు కాబట్టి ఇంట్ల చెప్పనియి గూడ చెప్తది. నేను తల తిప్ప. ఊ గూడ కొట్ట.

ఒకసారి కోదాడల లాడ్జికి పోయినం. కింద హోటలు, పైన రూములు. ఓనరు బయటికి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు.

"రండి సార్, రండి. అమ్మాయిగారిని ఏసీలో కూర్చోబెడతాం, కూల్‌డ్రింకు తెప్పిస్తాను. మనం పైకెళ్లి చూద్దాం."

"నేను ఆటో తోల్త," అన్న.

"మీరు భలే జోకులేస్తారు సార్!"

మంజుల అప్పటికే మెట్లెక్కి పోయింది. ఆయన నన్ను ఇడువలే. జనరేటర్ డీజిల్ క్యాన్లు యాడ దాచిపెట్టిండో, కరెంటు బోర్డు యాడ కాలి మసిబారితే పైనుంచి క్యాలెండరు కొట్టిండో, అన్నీ నాకే చెప్పుకున్నడు. "ఆడపిల్ల కదండీ, అంత లోతుగా చూడదులెండి" అని ధైర్యం గూడ చెప్పుకున్నడు. ఆటో ఎక్కినంక అదంతా మంజులకు చెప్పిన. కడుపు పట్టుకొని నవ్వింది. "నాయినా, నువ్వు నాకు మస్తు పనికొస్తవ్. నాకు సూపియ్యనియన్నీ నీకు సూపిస్తరు." కాగితం తీసి క్యాలెండరు సంగతి గూడ రాసుకున్నది. మునగాల దాటినంక మొదలుపెట్టింది.

"నాకొక జబ్బు అంటుకున్నది నాయినా. యాడికి పోయినా బయటికి దారెటున్నదో ముందు సూస్త. పెండ్లికి పోతే అందరు పెండ్లిపిల్ల చీర సూస్తరు, నేను భోజనాల హాలుకు తలుపులెన్ని ఉన్నయో సూస్త. మొన్న పప్పుకు పోపేస్తుంటె, ఇప్పుడు మా ఇల్లే అంటుకుంటే ఎవరేం చేస్తరు అనిపించింది. అత్తమ్మ, బీరువ తాళం యాడున్నదే మంజులా అంటది. ఈయన, నా ఫోన్ చార్జింగుల ఉన్నదా సూడు మంజులా అంటడు. అక్షితకు ఒక బూటు దొరకదు. ముగ్గురూ నన్నే పిలుస్తరు. ఆ పిలుపులు ఇనుకుంట నేను ఇంట్లనే తిరుగుతుంట. వాళ్లకు నేనంటే ప్రేమ లేక కాదు. నాకు జరమొస్తే ఈయన మంచం దిగనియ్యడు. హోటలుకెల్లి ఇడ్లి తెచ్చి నోట్ల పెడతడు. నా తల ఒత్తుతడు. జరం తగ్గినంక లేచి పోతే సింకుల గిన్నెలన్నీ నా కోసం ఎదురుచూస్తుంటయి. కోపం రాదు నాయినా. తోముకుంట ఒకటే ఆలోచన. రిపోర్టుల మేం రాస్తం కదా, ఈ బిల్డింగుకు ఒక్కటే దారి ఉన్నది, అది మూసుకపోతే ప్రమాదం అని. మా ఇల్లు అసొంటిదే. ఏది కావాలన్నా ఒక్కటే దారి, అది నేను. వాళ్లు రోజూ ఆ దారి మీదికెల్లి నడుస్తరు. దారిని ఎవరన్న ఎట్లున్నవని అడుగుతరా?"

నేను గేరు మార్చిన. నాకు చంద్రమ్మ యాదికొచ్చింది.

కొన్ని వారాలకు కంపెనీ పంపిన కాగితంల రామ్మూర్తి సేటు దుకాణం పేరున్నది. సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల బట్టల దుకాణం. మధు అండ్ల మేనేజరు. నా భర్త ఆడ పనిచేస్తడు, వేరేటోళ్లను పంపండి అని మంజుల ఫోన్ చేసింది. ఆ దిక్కు ఇంకెవరు లేరు, ఆ సంగతి మొదటి పేజీలనే రాసి పని కానియ్యుమన్నరు.

మధు ఆ పొద్దున్నే ఆమె జడ పట్టుకొని మెల్లగ గుంజిండట. "సేటు కోదాడల కొత్త దుకాణం తెరుస్తున్నడు. దానికి నన్నే పెద్దను చేస్త, పాలు గూడ ఇస్త అన్నడు. ఇప్పుడు నా పెండ్లామే ఉల్టా రాస్తే నా మొఖం యాడ పెట్టుకోవాలె? మనదే అనుకొని జర సూసి రాయి."

"అడిగేటప్పుడు చిన్న పిలగాని లెక్క ఉంటడు నాయినా," అన్నది మంజుల నా వీపుతోని. "ఆ దుకాణంల నిలబడి నిలబడి ఆయన కాళ్లు ఎట్ల వాస్తయో నాకే తెలుసు. నూనె రాసేది నేనే కదా. ఆయనకు మంచి జరగాలని నాకుండదా?"

టేపు రెండో కొస పట్టుకునేటందుకు నేను గూడ దుకాణంలకు పోయిన. మెట్ల కిందనే కరెంటు బోర్డు ఉన్నది, దానికి ఆనించి అట్టపెట్టెలు. గోడకు ఎర్ర సిలిండర్లు. వాటికి దసరా నాడు పెట్టిన పసుపు, కుంకుమ అట్లనే ఎండిపోయి ఉన్నయి. మంజుల తడి గుడ్డతోని తుడిస్తే పసుపు కింద తారీఖు బయటపడ్డది. ఎప్పుడో దాటిపోయింది.

"పూజ మాత్రం తప్పలే," అన్నది. మధు నవ్వాపుకున్నడు.

ప్రతి అంతస్తుల తెల్ల దుప్పట్లు పరిచిన పరుపులు. వచ్చినోళ్లు ఆ అంతస్తు మెట్ల మొదట్ల చెప్పులిడిచి, పరుపు మీద కూర్చొని చీరలు చూస్తరు. వాళ్లు కూర్చుంటరు. చూపించే ఆడపిల్లలు పొద్దుందాక నిలబడే ఉంటరు. ఆ ముందు మెట్లు గాక వెనక నైరుతి మూల ఇంకొక మెట్ల దారి ఉన్నట్టు బిల్డింగు పటంల గీసి ఉన్నది. ఆడికి పోయి చూస్తే గోడ. గోడకు వేంకటేశ్వరస్వామి నిలువెత్తు పటం, పూలదండ, ముందట దీపం.

"మెట్లేవి మేనేజర్ గారూ?" దుకాణంల ఆమె మధును అట్లనే పిలిచింది.

మధు సేటు దిక్కు చూసిండు. సేటు మంచిగనే చెప్పిండు. "వాస్తు ఆయన ఒచ్చిండమ్మా. నైరుతిల నడక ఉంటే లచ్చిమి గూడ నడిచిపోతదన్నడు. ఇటుక పెట్టి మూపిచ్చిన. మూసినంక వ్యాపారం లేచింది. స్వామిని నిలబెట్టిన. ఇగ పటం తీసి గోడ పగులగొట్టుమంటవా? నువ్వు మా కోడలి అసొంటిదానివి."

మంజుల దీపం చూసింది, పక్కన చీరల పెట్టెలు చూసింది. పైకి పోయింది. ఆడోళ్ల బాత్రూము మేడ మీద ఉన్నది. మేడకు ఇనుప గేటు, గేటుకు తాళం. పిల్లలు చీరలు పక్క గల్లీలకు ఇసిరేస్తరని సేటు అనుమానం. అందరికంటె పాత మనిషి ఏసమ్మ. తాళంచెవి ఆమె బొడ్ల ఉంటది. పైకి పోయిన పిల్లను లోపల పెట్టి తాళమేస్తది, మళ్ల గేటు కొడితే పోయి తీస్తది.

"నీళ్లు బాగ తాగుతరా?" అని మంజుల అడిగింది.

"తాగితే పైకి పోవాలె కదా మేడం," అన్నది ఏసమ్మ. "గొంతు తడుపుకుంటం, అంతే."

మేం కిందికి దిగేసరికి సేటు కారు పంపి ఆండాళును పిలిపించిండు. మూడో అంతస్తుల పరుపు మీద కూర్చోబెట్టి చాయ్ ఇప్పిచ్చిండు. ఇంటి ఆడిది మాట ఇనకపోతే పెద్దమనుషులను కూర్చోబెట్టుడు మా దిక్కు రివాజు. నన్ను గూడ కూర్చోమన్నరు. నేను మెట్ల దగ్గరనే నిలబడ్డ.

"పెద్దోళ్లు జర చెప్పాలె గోపయ్యా," అన్నడు సేటు.

"రాయరాదే మంజులా," అన్నది ఆండాళు. "నీ మొగని బతుకు కదనే. ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతది? అన్నా, నువ్వన్న చెప్పవయ్యా నీ బిడ్డకు."

నేను చాయ్ గిలాస వాపస్ ఇచ్చిన.

మంజుల సంచి భుజానికేసుకున్నది. "సేటూ, గంట కొడత. అగ్గి అంటుకున్నదనుకొని అందరు కిందికి దిగండి. ఎట్ల దిగుతరో అట్ల రాస్త."

"గింతేనా? కొట్టమ్మా, కొట్టు."

గంట మోగింది. చెవులు పగిలేటట్టు మోగింది. ఒక్క ఆడపిల్ల గూడ మెట్ల దిక్కు పోలే. అందరు పరుపుల మీద వంగి, ఇప్పి పరిచిన చీరలు మడతపెట్టుడు మొదలుపెట్టిండ్రు. చీర నలిగితే జీతంల కోస్తరు. చేతులు మిషన్ల లెక్క నడుస్తున్నయి. మధు అలవాటుగ అరిచిండు: "మడతపెట్టి పోండి! మడతపెట్టి పోండి!"

మంజుల నిలబడ్డ కాడనే నిలబడిపోయింది. ఆమె మనసుల అప్పుడేమైందో నాకు తర్వాత చెప్పింది. "అక్షిత పుట్టే రోజు యాదికొచ్చింది నాయినా. దండెం మీది బట్టలు తీసుకొచ్చి మంచం మీదేసిన, నొప్పులు మొదలైనయి. ఈయన ఆటో కోసం పోయిండు. అత్తమ్మ మంచి మాటగనే అన్నది, ఆ నాలుగు మడతపెట్టి పోరాదే, మళ్ల ఎవరు మడతపెడతరు అని. నేను పెట్టిన. నొప్పి వచ్చినప్పుడు మంచం పట్టె పట్టుకున్న, పోయినప్పుడు మడతపెట్టిన. ఈయన లుంగీలు, అత్తమ్మ చీరలు. నాకప్పుడు ఏడుపు రాలే. ఎదురు చెప్పాలని గూడ తోచలే. అంచుకు అంచు మంచిగ కలిసిందని సంతోషమైంది. ఇన్నేండ్లకు ఆ పిల్లల చేతులు సూసి నాకు భయమైంది. ఆ సంతోషానికే భయమైంది నాయినా. గంట మోగుతుంటే గూడ మనకు అంచులే కనపడ్డయి."

ఇటు మెట్ల మొదట్ల ఇంకొక తమాషా. చీరలు కొననీకి వచ్చినోళ్లంతా చెప్పుల కుప్ప మీద పడ్డరు. "ఇది నాది కాదు." "ఆ బంగారి రంగుది ఇటియ్యమ్మా." వెనకున్నోళ్లు దిగలేరు, ముందున్నోళ్లు లేవరు. రామ్మూర్తి సేటు గూడ వంగి తన చెప్పు రెండోది వెతుకుతున్నడు. ఆండాళు అందరి నడుమ ఇరుక్కున్నది.

"కొత్తయే, మొన్ననే కొన్నయి!"

మంజుల పోయి ఆమె చెయ్యి పట్టుకున్నది. "చెప్పులు పోనీ అత్తమ్మా. నువ్వు రా." కుప్ప మీదికెల్లి నడిపించి, ఒక్కొక్క మెట్టు దింపి, రోడ్డు మీదికి తెచ్చింది. ఎండకు రోడ్డు కాలుతున్నది. ఆండాళు ఒక కాలు ఎత్తి ఇంకో కాలు మోపుకుంట నిలబడ్డది గాని, కోడలి చెయ్యి ఇడువలే.

అందరు దిగేసరికి సేటు చెమటలు తుడుచుకుంటున్నడు.

"అందరు ఒచ్చిండ్రా మేనేజర్ గారూ?"

"అందరు ఒచ్చిండ్రు," అన్నడు మధు.

ఏసమ్మ చెయ్యి బొడ్లకు పోయింది. తాళంచెవి తగిలింది. "అయ్యో యేసయ్యా! జమ్లి! జమ్లి మేడ మీదనే ఉన్నది సారూ!"

మధు ఆమె చేతులకెల్లి తాళంచెవి గుంజుకొని వట్టి కాళ్లతోని పైకి ఉరికిండు. మేం కింద నిలబడి మేడ దిక్కు చూసినం. గంట ఇంకా మోగుతనే ఉన్నది. కాలేది ఏం లేదని అందరికీ ఎరుకే. అయినా ఎవరం ఆడికెల్లి కదలలే. మధు ఆ పిల్లను ఎంటబెట్టుకొని వచ్చిండు. తండా నుంచి వచ్చే పిల్ల, నోటికి తాళం లేదు. గేటు కొట్టి కొట్టి చేతులు ఎర్రగయినయి.

"సారూ," అన్నది జమ్లి అందరి ముందట, "నిజంగ కాలినప్పుడు గూడ గిట్లనే ఒస్తవా, స్వామిని అడిగి ఒస్తవా?"

అందరు నవ్విండ్రు. ఆండాళు గూడ నవ్వింది. మధు నవ్వలే. దుకాణం మెట్ల మీద కూలబడ్డడు. ఏసమ్మ చెయ్యి చాపినా తాళంచెవి వాపస్ ఇయ్యలే. నేను చూసిన. చూసినట్టు ఆయనకు తెల్వనియ్యలే.

ఇంటికి పోయేటప్పుడు మంజుల అడిగింది. "నువ్వేమంటవ్ నాయినా? రాస్తే ఆయనకు కోదాడ దుకాణం పోతది. అత్తమ్మ ముందట నేను ఎట్ల తిరగాలె? రాయకపోతే జమ్లి ముందట ఎట్ల తిరగాలె? నువ్వు వద్దంటే రాయ. నిజంగ చెప్తున్న, ఒక్క మాట అను."

నేను ఆటో నడిపిన. నా నాలిక మీద మాట ఉన్నది. అది మింగిన. ఆమె పెండ్లి నేను చెప్తే చేసుకున్నది. చదువు నేను చెప్పిన కాడ చదివింది. దుర్గయ్య మాట నేను ఇనుంటే నాకు వండిపెట్టేటందుకు గూడ వచ్చేది, నవ్వుకుంటనే వచ్చేది.

"ఏమనకపోతివి," అన్నది కొంత దూరం పోయినంక. తర్వాత, "సరే," అన్నది. ఆ సరే నాతోని అన్నది కాదు.

రిపోర్టు పంపే ముందు మధుకు తానే చెప్పింది. ఆయన మంచం మీద కూర్చున్నడు, ఆమె కింద కూర్చొని కాళ్లకు నూనె రాస్తున్నది. మూసిన మెట్లు, తాళమేసిన గేటు, చెప్పుల కుప్ప, దాటిపోయిన సిలిండర్లు, అన్నీ రాసిన అన్నది. ఫారంల అడగని ఒక మాట గూడ ఆఖరుకు రాసింది: "చీర కంటె ముందు తాము బయటికి పోవచ్చని ఇక్కడి ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేనేజరు నా భర్త. ఆయనకూ ఎవరూ చెప్పలేదు. చెప్పి, గోడ తీసేదాక పై అంతస్తులు తెరవరాదు."

మధు కాళ్లు వెనకకు గుంజుకున్నడట. ఆమె నూనె సీసా ఆయన చేతుల పెట్టింది.

"ఇగ నువ్వే రాసుకో. కోపంతోని అంటలే. నాకు గూడ చేతులు గుంజుతున్నయి," అన్నది. పోయి రిపోర్టు పంపింది.

బీమా ఆగుతదని పై అంతస్తులు మూసిండ్రు. సేటు పిల్లలను వంతులేసి సగం మందినే పిలుస్తున్నడు. ఏసమ్మ, జమ్లి ఇద్దరూ పనిల ఉన్నరు. గోడ ఇంకా ఉన్నది, దీపం గూడ. నా అల్లుడు మారిండని రాసుడు నాకు చాతగాదు. మెట్ల మీద ఆయన తాళంచెవి వాపస్ ఇయ్యలేదని మాత్రం రాయగల్గుత, ఎందుకంటే అది చూసిన.

నిన్న ఆయన ఆటో స్టాండుకు వచ్చిండు. తిన్నట్టు లేడు.

"మామా, సేటు ఆఖరుసారి చెప్పి పంపిండు. వెనక మెట్లు ఉన్నయని ఒక్క ముక్క మార్చి పంపితే చాలట. కోదాడ దుకాణం ఇంకా నాదేనట."

నేను సీటు తుడుస్తున్న.

"అమ్మను చెప్పమంటే, నన్ను చెయ్యి పట్టి దింపింది అదే కదరా అంటున్నది. మంజుల నా మాట ఇంటలేదు. నువ్వు చెప్తే ఇంటది మామా."

"ఇంటది," అన్న. "అందుకే చెప్ప."

ఆయన ఇంకేదో అనబోయిండు. నేను గుడ్డ జాడించి సీటు కింద పెట్టిన.

"మధూ, ఈ ముచ్చట ఈడికి ఖతం. నువ్వడిగినా, సేటు పదిమందిని కూర్చోబెట్టి అడిగినా, రేపు మంజులనే వచ్చి నాయినా నేను చేసింది తప్పా ఒప్పా అని అడిగినా, దీని మీద నేను మళ్ల నోరు తెరువ."

రాసుడు గూడ ఇదే ఆఖరు.